కొత్త డిస్కులు ఇంటికి తేలేదు

ఆదివారం, పన్నెండో తారీకు
సాయంత్రం

గౌరవనీయులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి తెలియజేసుకునేది ఏమిటంటే, ఇక్కడ అక్క, నేను, కుట్టు మిషను ముగ్గురమూ కులాసా. అక్కడ మీరు, మీ కుడికాలు, మీ అక్కగారైన వదినగారింట్లో అందరూ కులాసా అని తలుస్తాను.

మర్యాద అయిపోయింది బావా. మొదట్లో ఆ నాలుగు ముక్కలూ లేకపోతే అక్క ఊరుకోదు. పక్కనే కూర్చుని బడిపిల్లల నిక్కర్లు కుడుతోంది. రాయడం అయ్యాక మొత్తం చదివి వినిపించాలట. ఒక్క ముక్క మింగేసినా నా మొహం చూసి పట్టేస్తుందట. ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా ఊఁ అంటావు, ఆఁ అంటావు, వదిన చేతిలో పెట్టేస్తావు. ఉత్తరానికి మాత్రం జవాబు రాస్తావు. అందుకే ఈ కాగితాలు.

నీ ఉత్తరం గురువారం అందింది. రెండు పనులు చెప్పావు. బ్రేకుల మీద నేను పెట్టిన అర్జీ వెనక్కి తీసుకోమన్నావు. షెడ్డులో బాడీ పని పూర్తయిన మన పికప్ బండికి ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లూ, అవి పట్టి ఆపే డిస్కులూ నన్నే చూసి వేయించమన్నావు. చివర్లో ఇంకో వాక్యం ఉంది. బండి ఎవరైనా నడుపుకోండి, నేను ఇక స్టీరింగు ముట్టుకోను, ఇప్పట్లో ఇంటికీ రాను అని. అక్కకి చదివి వినిపిస్తూ ఆ వాక్యం దగ్గర నేను దగ్గొచ్చినట్టు నటించాను గానీ అక్క అప్పటికే మిషను ఆపేసింది.

ముందు అర్జీ సంగతి. నువ్వు గెలిచావు. రేపు రవాణా ఆఫీసు తెరవగానే వెళ్లి వెనక్కి తీసుకుంటాను. నేను వెనక్కి తగ్గడం నువ్వు ఇంతవరకూ చూసి ఉండవు. చిన్నప్పుడు నీతో క్యారమ్స్ ఆడి ఓడిపోయినా బోర్డు వంకరగా ఉందని వాదించినవాణ్ని. కానీ ఆ అర్జీ ఎంత బాగా రాశానో నీకు తెలియాలి కాబట్టి దాని సారం ఒకసారి విను. ఆఫీసు గుమాస్తా కూడా చదివి, బాబూ నువ్వు వకీలువా అని అడిగాడు.

అందులో ఇలా రాశాను. మా బావ ఐసు ఫ్యాక్టరీ నుంచి చేపల మార్కెట్టుకి ఐసు తోలుతాడు. కొత్త ప్యాడ్లూ, కొత్త డిస్కులూ తన చేత్తో బిగించుకున్న రోజునే, వాన పడుతుండగా, మార్కెట్టు వాలు మీద బ్రేకు తొక్కితే బండి ఆగలేదు. కింద బస్టాపు నిండా జనం. వాళ్లను తప్పించడానికి మా బావ బండిని గోదాము గోడకేసి కొట్టాడు. ఆయన కాలు విరిగింది. వెనక ఐసు మీద కూర్చున్న పెద్దాయన ప్రాణం పోయింది. తనిఖీ చేసిన ఆఫీసరు వచ్చేసరికి ఐసు కరిగి కాలవలో కలిసిపోయింది. బండిలో ఎంత బరువుందో ఆయనకు కనబడలేదు. ప్యాడ్లు కొత్తవే, మందం తగ్గలేదు, బ్రేకులో లోపమేమీ లేదు, డ్రైవరు ఆలస్యంగా తొక్కాడు అని రాసుకుని వెళ్లిపోయాడు. ప్యాడ్లు చూడ్డానికి కొత్తవైతే సరిపోతుందా? అవి నకిలీవి. ప్రయోగశాలకు పంపండి. లోపల ఏముందో తేల్చండి.

ఇదీ నేను రాసింది. దీనికి అడ్డంగా నిలబడింది ఎవరు? ఆఫీసరు కాదు, షాపువాడు కాదు, నువ్వు. ఆసుపత్రి మంచం మీద ఉండి, అవును సార్, నా కాలే ఆలస్యమైంది అని వాంగ్మూలం ఇచ్చావు. వాళ్లు నీ లైసెన్సు రద్దు చేసేలోపు నువ్వే నిన్ను రద్దు చేసుకున్నావు. తప్పు ఎప్పుడూ కింది మెట్టు మీదికే దొర్లుతుంది, కింది మెట్టు మీదివాడు దాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకుంటాడు అని ఎప్పుడో ఒక కరపత్రంలో చదివి నీకు వినిపించాను కూడా. నువ్వు నవ్వి, ఒరే కరపత్రం, నీకు పెళ్లయ్యాక ఇవన్నీ మడిచి అటక మీద పెడతావు అన్నావు. అప్పుడు నవ్వుకున్నాం. వాంగ్మూలం సంగతి విన్నాక నీ మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నిన్ను తిడుతూ ఏడ్చాను. స్పృహ రాగానే, వెనక ఐసు మీద కూర్చున్న గొడుగు మామ గురించి అడిగావు. చెప్పాం. ఆ తరవాత నువ్వు అడిగిన మొదటి మాట, ప్యాడ్లు ఎక్కడున్నాయిరా అని. నా దగ్గరే ఉన్నాయి బావా, సాక్ష్యంగా దాచాను అంటే, కాలవలో పారెయ్యి అన్నావు. నేను పారెయ్యలేదు. నా గదిలో కరపత్రాల కట్ట మీద బరువుగా పెట్టుకున్నాను. రోజూ వాటిని చూస్తే నా కోపం చల్లారకుండా ఉంటుందని.

ఇప్పుడు ఎందుకు తగ్గానంటావేమో. అలిసిపోయాను. పోరాడేవాడు ఎవరి తరఫున పోరాడుతున్నాడో ఆ మనిషే వద్దంటుంటే ఎంతకాలం? అంతకంటే అడక్కు.

ఇక రెండో పని. ఇది వివరంగా రాస్తాను, ఎందుకంటే నీకిష్టమైన సంగతి.

శనివారం గ్యారంటీ షాపుకే వెళ్లాను. అవును, ఆయన షాపుకే. ఏ వస్తువు పట్టుకున్నా దీనికి గ్యారంటీ లేదు అంటాడని మనం పేరు పెట్టిన ఆయన షాపుకే. పోయిన నెల నేను, నా మిత్రులు కలిసి ఆయన షట్టరు మీదా, ఆ వీధి గోడలన్నిటి మీదా అంటించిన కాగితాల సంగతి నీకు తెలుసు. నకిలీ ప్యాడ్లు అమ్మి ప్రాణాలు తీసిన దుకాణం అని పెద్దక్షరాలు. శనివారం పొద్దున బకెట్టు, బొరిగె పట్టుకెళ్లి ఆ కాగితాలన్నీ నేనే గీకేశాను. గ్యారంటీ షట్టరు సగం ఎత్తి, కింద నుంచి తల పెట్టి చూశాడు. అంటించిందీ నువ్వే, పీకేదీ నువ్వే, మధ్యలో నా గోడ సున్నమంతా ఊడింది, దానికి గ్యారంటీ ఎవరిస్తారు అన్నాడు. నేను తలెత్తలేదు. ఆయన లోపలికెళ్లి ఒక పాత గుడ్డ తెచ్చి, ఆ మూల జిగురు మిగిలిపోయింది, అదీ తుడువు అని విసిరేసి పోయాడు.

తుడిచాక లోపలికి వెళ్లి, మన బండికి ప్యాడ్లూ డిస్కులూ కావాలన్నాను. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, బల్ల మీద మూడు రకాలు పెట్టి, ఎంచుకో నాయకుడా అన్నాడు. నాయకుడా అన్నప్పుడు పొడిచినట్టే అన్నాడు. పడ్డాను.

ఒకటి మెత్తటి రకం. చప్పుడుండదు, డిస్కుని అరగదీయదు, కానీ తనే తొందరగా అరిగిపోతుంది. రెండోది సిరామిక్. దాని గురించి నేను చదివాను. నల్లపొడి రాలదు, కీచుమనదు, చాలాకాలం మన్నుతుంది. నాకు అదే మంచిదనిపించింది. ఖరీదైనది పేదవాడి బండికి ఎందుకు వేయకూడదు అని నాలో కరపత్రం లేచింది కూడా. మూడోది ఉక్కు రజను కలిపిన సెమీ మెటాలిక్. ముతక సరుకు. చప్పుడు చేస్తుంది, చక్రాలకి మసి పూస్తుంది, కానీ బరువుతో వాలు దిగుతూ మాటిమాటికీ తొక్కినా, వేడెక్కినా పట్టు వదలదు. అప్పుడు నువ్వు అనే మాట గుర్తొచ్చింది. బండిని దాని ఒంటి మీది రంగుని బట్టి కాదురా, అది మోసే బరువుని బట్టి చూడాలి అనేవాడివి. మన బండి మోసేది ఐసు. వెళ్లేది వాలు మీద. మూడోదే తీసుకున్నాను. పొద్దున్నే వీధిలో కీచుమంటే ఎదురింటివాళ్లు తిడతారు. తిట్టనీ.

డిస్కుల దగ్గర గ్యారంటీకి, నాకు కొంచెం గొడవైంది. ఒక జత నిండా సన్నటి చిల్లులున్నాయి. చూస్తే రేసు బండి గుర్తొస్తుంది. నేను చెయ్యి వేయగానే, అవి కుర్రాళ్ల మోజు, బరువు బండికి వేస్తే చిల్లు దగ్గరే పగుళ్లు పడతాయి అన్నాడు. సాదా రకమే తీసుకున్నాను. రెండు ఇనప పళ్లేలు, మధ్యలో గాలి ఆడటానికి రెక్కలు. అంచున అచ్చు పోసిన కనీస మందం అంకె చదివి, కొలిచి చూశాను. వేలికి తగిలించి చిన్న సుత్తితో తట్టాను. గంటలా మోగింది, పగులు లేదన్నమాట. నువ్వు నేర్పిన పద్ధతే. పాత కుడి డిస్కు బాగానే ఉంది కదా, ఎడమది ఒక్కటి మారిస్తే చాలదా అని షెడ్డు మెకానిక్ అన్నాడు. ఒప్పుకోలేదు. రెండు చెప్పుల్లో ఒకటే కొత్తదైతే మనిషి కుంటుతాడని చెప్పాను. అన్నాక నీ కాలు గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాను.

కొత్త డిస్కులు ఇంటికి తేలేదు. షెడ్డు ఖాళీ అయ్యేదాకా గ్యారంటీ షాపులోనే అట్టపెట్టెల్లో, మూత తీయకుండా ఉంచమన్నాను. అక్కకి అది నచ్చలేదు. గురువారం నీ ఉత్తరం విన్న వెంటనే, డిస్కులు ముందే తెచ్చి ఇంట్లో పెట్టు, నేను చూసుకుంటాను అంది. ఇంట్లో చోటెక్కడుందే, మంచం కింద అంతా నిక్కర్ల గుడ్డే కదా అన్నాను. నీ కరపత్రాలు తీసేస్తే బోలెడు చోటు అని ఒక్కటి అంటించింది. ఇప్పుడు ఈ వాక్యం చదివినప్పుడు మళ్లీ అంటుంది చూడు.

అక్క సంగతి. బాగానే ఉంది, అంటే పని బాగానే ఉంది. బడి తెరిచే రోజులు కాబట్టి గుడ్డ కొండలా పేరుకుంది. మిషను మాత్రం కిర్రుకిర్రుమని ఏడుస్తోంది. నూనె డబ్బా ఎక్కడో పడిపోయిందట, గురువారం నుంచి ఇల్లంతా వెతుకుతోంది. నీకు తెలిసిందే కదా, మన ఇంట్లో తలుపు బందు మొదలుకుని కత్తెర దాకా కిర్రుమన్న ప్రతిదానికీ ఆ డబ్బానే మందు. ఇప్పుడు ఇంట్లో అన్నీ కిర్రుమంటున్నాయి.

గొడుగు అత్తని కూడా చూసొచ్చాను. మామ గొడుగు వాళ్ల గుమ్మం పక్కన మేకుకి వేలాడుతోంది. ఒక ఊచ వంగింది, అంతే. నువ్వు నవ్వుతూ చెప్పేవాడివి, ఎండైనా వానైనా మామ గొడుగు తనకి పట్టుకోడు, ఐసుకి పట్టుకుంటాడు, గోనెపట్టా కప్పి ఉన్నా సరే అని. అత్త నాకు టీ ఇచ్చి, మీ బావ నడవగలుగుతున్నాడా అని అడిగింది. మెల్లగా నడుస్తున్నాడు అన్నాను. వచ్చినప్పుడు ఒకసారి గుమ్మం దాకా రమ్మను, లోపలికి రావడానికి మొహం చెల్లకపోతే బయటే నిలబడమను, నేనే వస్తాను అంది. ఆ పైన ఇంకేదో అనబోయి, ఎవరి కాలైనా ఒక్కోసారి ఆలస్యమవుతుంది నాయనా, మనిషే కదా అంది. నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. తాగలేకపోయాను.

అక్క ఇప్పుడు నీకు రాయమంటున్న మాటలు ఇవి. ప్యాంటు ఒకటి కుట్టింది. కుడికాలు వెడల్పుగా, పక్కన గుండీలతో, కట్టు మీదుగా ఎక్కేలా. మొల దగ్గర గుచ్చుకోకుండా లోపల మెత్తటి గుడ్డ వేసింది. వదిన ఇటు వచ్చినప్పుడు తనతో పంపిస్తుంది. రాత్రి దుప్పటి కప్పుకోమంది. మందులు తిన్నాక వెంటనే పడుకోవద్దంది.

ఇంతవరకూ చెప్పి ఆగింది. ఇంకేమైనా రాయాలా అంటే తల అడ్డంగా ఊపింది. తను రాయమనలేదు గానీ నేను రాస్తున్నాను, చదివేటప్పుడు తిట్టినా సరే. పోయినసారి తను అక్కడికి వచ్చినప్పుడు నువ్వు గోడవైపు తిరిగి పడుకున్నావట. ఉన్నన్ని రోజులూ అలాగే ఉన్నావట. నిక్కర్ల పని ఉంది కదా, వెళ్లిపో అన్నావట. బస్సులో వచ్చేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని, మీ బావకి నేను ఏం పాపం చేశానురా అని తనలో తనే అనుకున్నట్టు అంది. తీసుకురావడానికి వచ్చిన నేను పక్క సీట్లో ఉన్నాను. బావకి నొప్పి, అందుకే అన్నాను. నొప్పి ఉన్నవాడు గోడని చూస్తే తగ్గుతుందా అంది.

ఇంక చాలు. దీపాలు పెట్టే వేళైంది, అక్క కాగితాల వైపు చూస్తోంది. కొత్త ప్యాడ్లు వేశాక మెల్లగా అలవాటు చేయాలని నువ్వు చెప్పినట్టే, ఖాళీ బండితో, ఖాళీ రోడ్డు మీద, వేగం తగ్గించడం, మళ్లీ పెంచడం, పూర్తిగా ఆపకుండా చేయడం, ఆ పని నేనే చేస్తాను. బరువెక్కించే పని మాత్రం నీదే. నువ్వు వచ్చేదాకా బండి ఖాళీగానే ఉంటుంది. ఎవరికీ ఇవ్వను. ఇది అర్జీ కాదు, వెనక్కి తీసుకోను.

పెద్దలకి నమస్కారాలు, వదిన పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నువ్వు పేరు పెట్టినవాడు,
కరపత్రం

తా.క.

సోమవారం ఉదయం. పోస్టాఫీసులో, జిగురు సీసా పెట్టే బల్ల దగ్గర నిలబడి రాస్తున్నాను.

బావా, పైదంతా అక్క విన్నది. ఇక్కణ్నుంచి వినదు. కవరు అంటించేశానని చెప్పి వచ్చాను. అంటించలేదు.

గురువారం అక్క అన్నమాట సగమే రాశాను. డిస్కులు ముందే తెచ్చి ఇంట్లో పెట్టు, నేను చూసుకుంటాను అంది కదా. మిగతా సగం ఇది. పోయినసారి నువ్వు కొని తెచ్చాక వాన తగ్గేదాకా అవి మంచం కింద ఉన్నాయి కదా, ఒకరోజు ఊడుస్తుంటే చూసిందట, డిస్కుల మీద ఎర్రగా తుప్పు పొడ. అయ్యో, కొత్తవి, ఈయన చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది అనుకుని, మిషను నూనె పెట్టి డిస్కులు రెండు పక్కలా రుద్దిందట. పెట్టెలో ఉన్న ప్యాడు బిళ్లలకీ పట్టించిందట. వాటి వెనక ఇనప రేకు ఉంది కదా, అదీ తుప్పు పడుతుందని. మళ్లీ పాత చీర ముక్కతో తడి లేకుండా తుడిచి, పెట్టెలో సర్దేసిందట. కొత్తవాటికంటే కొత్తగా మెరిశాయిరా, మీ బావకి తెలియనే లేదు అంది. సూదిలోకి దారం ఎక్కిస్తూ అంది. ఎంత మురిపెంగా అందో! నేను నవ్వాననుకుంటాను. నవ్వానో లేదో గుర్తులేదు.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. కరపత్రాల కట్ట మీద నుంచి ప్యాడ్లు తీశాను. వాటి కింద కాగితం మీద నూనె మరక. నకిలీ అన్న అక్షరాల మీదుగా పాకి, కింది కాగితంలోకి, దాని కింది కాగితంలోకి దిగింది. కిటికీ ఎండకి అన్నాళ్లుగా లోపల్నుంచి కారుతోంది. వాసన చూశాను. ఆ వాసన కోసం ప్రయోగశాల ఎందుకు? నేను పెరిగిందే ఆ వాసనలో.

పైన తుడిస్తే ఏం లాభం బావా, ప్యాడు నూనె తాగేస్తుంది. మామూలుగా తొక్కినప్పుడు కొంచెం మెత్తగా అనిపిస్తుంది, అంతే. ఆ పొద్దున మన గుమ్మం ముందు గొడుగు మామతో నువ్వే అన్నావు, కొత్త ప్యాడ్లు మొదట్లో ఇలాగే మెత్తగా ఉంటాయి మామా, నాలుగు రోజులు తిరిగితే పట్టుకుంటాయి అని. నేను విన్నాను. బరువుతో వాలు దిగేటప్పుడు వేడెక్కి లోపలి నూనెంతా పైకొచ్చింది. నీ కాలు ఆలస్యం కాలేదు. నీ కాలు తొక్కాల్సిన చోటే తొక్కింది.

ఈ సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు కదా. నీకు తెలుసు. ఆ వాలు మీదే తెలిసిపోయింది. కాలిన నూనె వాసన క్యాబిన్‌లోకి వచ్చి ఉంటుంది. ఏ నూనో పోల్చుకోవడానికి నీకు ఎంతసేపు పడుతుంది? నీ చొక్కాలన్నిటికీ ఆ వాసనే. అందుకే ప్యాడ్లు ఎక్కడున్నాయని అడిగావు. అందుకే కాలవలో పారెయ్యమన్నావు. అందుకే ఆఫీసరు ముందు నీ కాలు మీద తప్పు వేసుకున్నావు. నేనేమో లోపల ఏముందో తేల్చండి అని ఊరంతా గోడలకెక్కించాను. నా అర్జీ ప్రకారం వాళ్లు తేల్చి ఉంటే, తరవాతి ప్రశ్న, నూనె ఎవరు పూశారు అని. ఆ ప్రశ్న మన గుమ్మంలోకి వచ్చి మిషను ముందు నిలబడేది.

ఇక్కడికి వచ్చేముందే ఆఫీసుకి వెళ్లాను. అర్జీ వెనక్కి తీసుకున్నాను. ప్యాడ్లు శనివారమే నువ్వు చెప్పిన చోట పడ్డాయి. గ్యారంటీకి మాత్రం, నీ సరుకులో లోపం లేదు, నాదే తొందరపాటు అని అందరి ముందూ చెప్పాను. లోపం ఎక్కడుందో ఆయన అడిగాడు. చెప్పలేదు. ఆయనా రెట్టించలేదు.

నాకు ఎవరి మీద కోపగించుకోవాలో తెలియడం లేదు. నేను చదివిన ప్రతి కాగితంలోనూ శత్రువు ఎవరో రాసి ఉంటుంది. దీంట్లో లేదు. అక్క చేసింది ప్రేమతో. ఆ ప్రేమకి గొడుగు మామ బలైపోయాడు. రెండూ నిజమే. గొడుగు అత్త నీ కాలుని క్షమించింది. క్షమించక్కర్లేని కాలుని క్షమించింది. ఆమెకి నిజం బాకీ పడ్డామా లేదా? ఒక పూట పడ్డామనిపిస్తుంది, ఇంకో పూట అక్క మొహం చూస్తే నోరు పడిపోతుంది. నిజం ప్రతి గోడ మీదా ఉండాలని అరిచినవాణ్ని నేనే. నాకు తెలియడం లేదు బావా. నువ్వు వచ్చి చెప్పు. నువ్వేం చెప్తే అదే చేస్తాను, జీవితంలో ఒక్కసారికి.

కానీ రా. తప్పు నీ మీద వేసుకుని అక్కని కాపాడాననుకుంటున్నావు. మొహం తిప్పుకునేసరికి అది వెళ్లి తనకే చేరుతోంది. ఏ తప్పో తెలియకుండా మోస్తోంది, అంతే తేడా. ఏమీ చెప్పక్కర్లేదు. వచ్చి ఎదురుగా కూర్చో. ప్యాంటు పొడుగైందనో, బొత్తం ఊడిందనో తిట్టు. తన మొహం చూసి తిట్టు. అది చాలు.

ఇంకొక్కటి. నూనె డబ్బా పడిపోలేదు. గురువారం నేనే తీసి పెరట్లో బావి గట్టు దాటి విసిరేశాను. ఆ డబ్బాని కళ్లతో చూడలేకపోయాను. అప్పటినుంచి అక్క ఆ బిగుసుకుపోయిన మిషనుని రెండు కాళ్లతో తొక్కుతోంది. సాయంత్రానికి పిక్కలు పట్టుకుని కూర్చుంటోంది. నాకెందుకు తోచలేదో, నిన్నటిదాకా చూస్తూ ఊరుకున్నాను.

పోస్టాఫీసు ఎదురుగా కుట్టు సామాన్ల కొట్టు తెరిచారు. కవరు పోస్టు డబ్బాలో వేసి, అక్కకి మిషను నూనె కొనుక్కుని ఇంటికి వెళ్తాను.